నోరు మూసి పండు: ఒక చాటువుకు టీకా తాత్పర్యము

అవతారిక

నిద్రలో ఊపిరి ఆగిపోయి, కాసేపటికి పెద్ద గురకతో మళ్లీ అందుకునే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. ఆగడమంటే ఒక్కోసారి కనీసం 10 సెకన్లు. పెద్దవాళ్లలో గంటకు 5 సార్ల లోపైతే మామూలే అంటారు, 30 దాటితే తీవ్రమంటారు. దీనికి ఎక్కువమందికి రాసిచ్చే చికిత్స గాలి. మంచం పక్కన చిన్న పెట్టె, దానికొక గొట్టం, గొట్టం చివర మాస్క్. పేరు సీప్యాప్. రాత్రంతా ముక్కులోకి గాలి ఊది, గొంతు గోడలు ఒకదాని మీదొకటి పడకుండా నిలబెట్టడం దాని పని. ఈ పెట్టె ఇంట్లో అడుగుపెట్టిన తొలి వారాల్లో రోగికీ అతని నోటికీ నడిచే కలహమే ఈ కింది చాటువుకు వస్తువు.

ముక్కు దూఱు గాలి మూతిలో జాఱగా
నాల్క యెండి మండు నడుమ రేయి
చెప్పఁబోవ నాలి చెప్పె నీ మాటనే
నోరు మూసి పండు, నోరు మూసి

ఛందస్సు ఆటవెలది. కవి ఎవరో తెలియదు. కాలాన్ని మాత్రం అంతస్సాక్ష్యంతో తేల్చవచ్చు. సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే వైద్యుడు ఈ గాలి చికిత్సను 1980లో మొదలుపెట్టి, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. కనుక ముక్కులోకి గాలి 'దూఱడం' తెలిసిన కవి అంతకు పూర్వుడు కాలేడు. అరసున్నలనూ బండిరాలనూ చూసి ఇతన్ని శ్రీనాథుడి కాలానికి జరిపే ఉత్సాహం ఎవరికైనా ఉంటే మానుకోవాలి. తొలినాళ్ల యంత్రాల్లో వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడేవారు. పద్యంలో చప్పుడు మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు గనుక కవి మరీ ఇటీవలివాడే.

మెదక్ సీమ వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ టీకలు రాశాడు. అది మహానుభావుడి నియమం. మాకు మొదటి సగమే సాధ్యం.

దండాన్వయము

ముక్కు దూఱు గాలి మూతిలోన్ జాఱగాన్, నడుమ రేయి నాల్క యెండి మండు. చెప్పఁబోవన్, ఆలి 'నోరు మూసి పండు, నోరు మూసి' అను ఈ మాటనే చెప్పెన్.

టీక

ముక్కు దూఱు గాలి = ముక్కులోకి జొరబడే గాలి. 'పీల్చు గాలి' అని కవి అనలేదు. గమనించాలి. పీల్చడం మన పని, దూరడం గాలి పని. ఈ యంత్రాలు సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో గాలి పంపుతాయి. 10 సెంటీమీటర్లంటే అంత లోతు నీటి అడుగున ఉండే ఒత్తిడి. మన చుట్టూ ఎప్పుడూ ఉండే వాతావరణ పీడనంలో దాదాపు నూరో వంతు. వినడానికి స్వల్పం. అర్ధరాత్రి ముక్కులో అనుభవించేవాడికి మాత్రం తుపాను. అందుకే చాలా యంత్రాల్లో 'ర్యాంప్' అనే ఏర్పాటు ఉంటుంది. తక్కువ ఒత్తిడితో మొదలై, మనిషి నిద్రలోకి జారేలోగా అసలు మోతాదుకు చేరుతుంది. కొత్తవాళ్లు దాన్ని వాడుకోకపోవడం వట్టి పౌరుషం.

మూతిలోన్ జాఱగాన్ = నోటిగుండా తప్పించుకుపోగా. పద్యానికి ప్రాణం ఈ జారడంలో ఉంది. మెలకువలో నోరు మూసుకున్నప్పుడు అంగిలి వెనకాల ఉండే మెత్తని భాగం నాలుకను ఆనుకుని ఉంటుంది. ముక్కులో వచ్చిన గాలి నోట్లోకి మళ్లదు, నేరుగా గొంతులోకి పోతుంది. నిద్ర గాఢమయ్యేకొద్దీ దవడ కండరాలు వదులవుతాయి, కింది దవడ జారుతుంది, పెదవులు విడతాయి, నాలుక అంగిలిని వదులుతుంది. ఒత్తిడితో వచ్చే గాలికి బయటికి దారి దొరుకుతుంది. ముక్కుతో వచ్చి నోటితో పోతుంది. యంత్రం వాళ్లు దీన్ని 'మౌత్ లీక్' అంటారు. గొంతును నిలబెట్టవలసిన గాలి గదిలో కలిసిపోతోందన్నమాట. అంటే నోరెండటం ఒక్కటే కష్టం కాదు, చికిత్సా సగంలో ఆగుతోంది. ఎండిన నాలుక మీద పెట్టిన దృష్టి ఈ రెండో నష్టం మీద ఎవరూ పెట్టరు.

నాల్క యెండి మండు = నాలుక పిడచకట్టుకుపోయి మంట పుట్టును. నిద్రలో ఎవరికైనా లాలాజలం తక్కువే ఊరుతుంది. ఆ కొద్దిపాటి తడి మీదుగా గంటల తరబడి గాలి ఒకే దిక్కుకు వీస్తే, ఫ్యాను కింద ఆరేసిన తడిబట్ట గతే నాలుకకూ పడుతుంది. కొందరికి పెదవుల మూలలు పగులుతాయి, కొందరికి పొద్దున్నే గొంతు గీరుకుపోయి మాట రాదు, కొందరికి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఊడదీసుకోవలసి వస్తుంది. అసలు కష్టం నెమ్మదిగా బయటపడుతుంది. లాలాజలం పళ్లకు కాపలా. రోజూ రాత్రి ఆ కాపలా లేకపోతే పిప్పిపళ్లు తయారవుతాయి.

ఇక్కడ తార్కికులు ఇష్టపడే చిక్కు ఒకటుంది. ముక్కుకు ఒక మర్యాద ఉంది. లోపలికి వచ్చే గాలిని వేడిచేసి, తడిచేసి పంపుతుంది, బయటికి వెళ్లే ఊపిరి నుంచి ఆ తడిలో కొంత తిరిగి రాబట్టుకుంటుంది. నోరు తెరిచినవాడి ఊపిరి ముక్కుతో లోపలికి వచ్చి నోటితో బయటికి పోతుంది. ముక్కు ఇస్తూనే ఉంటుంది, తిరిగి ఏమీ రాదు. కాసేపటికి దాని లోపలి పొర ఎండి, వాచి, దిబ్బడ వేస్తుంది. ముక్కు మూసుకుపోయింది గనుక నోరు ఇంకా తెరుచుకుంటుంది. నోరు తెరుచుకుంది గనుక ముక్కు ఇంకా ఎండుతుంది. దేనివల్ల ఏది అని అడిగితే రెండూ ఒకదాన్నొకటి చూపిస్తాయి. శాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. ఇంట్లో 'ఈ దరిద్రపు మిషను' అంటారు.

నడుమ రేయి = అర్ధరాత్రి అని వాచ్యార్థం. ఇది యతి కోసం వేసిన మాట అని మా అనుమానం. కలలు ఎక్కువగా వచ్చే నిద్రాదశ రాత్రి చివరి భాగంలో అధికం. ఆ దశలో ఒంటి కండరాలు బాగా సడలిపోతాయి. చాలామందికి ఊపిరి ఆగడాలు అప్పుడే ముదురుతాయి. ఒత్తిడిని తనంతట తాను సవరించుకునే ఆటో యంత్రమైతే అదే సమయానికి గాలి పెంచుతుంది. సడలిన దవడ, పెరిగిన గాలి కలిసేది తెల్లవారుజామున. కవి నిద్రలేచి మంచినీళ్ల చెంబు కోసం తడుముకున్న వేళ మూడూ నాలుగూ మధ్య అయివుంటుంది.

చెప్పఁబోవన్ = చెప్పబోగా. 'చెప్పగా' అనలేదు. ఎండిన నోటితో, ముఖానికి మాస్కుతో మాట పూర్తిగా వెలువడలేదని ధ్వని.

ఆలి = భార్య. ఇక్కడ 'చెప్పఁబోవ మగఁడు చెప్పె నీ మాటనే' అని ఒక పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు. ఛందస్సు చూపని పక్షపాతం లోకంలో ఉంది. గురక మగవాళ్ల సొత్తు అనుకోవడం వల్ల ఆడవాళ్లలో ఈ జబ్బు చాలాకాలం బయటపడదు. ముట్లుడిగాక వాళ్లలోనూ ముప్పు పెరుగుతుంది. పైగా చాలామంది ఆడవాళ్లు గురక మాట ఎత్తరు. నీరసం, నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే తలనొప్పి అంటారు. వాటికి ఇంటిచాకిరీని కారణంగా చూపి పంపించేస్తారు. ఈ పాఠాంతరాన్ని పరిష్కర్తలు తోసిపుచ్చరాదు.

పండు = నిద్రించు. తెలంగాణలో ఈనాటికీ వాడుకలో ఉన్న క్రియ. దీన్నిబట్టి కవి అక్కడివాడని ఒక వర్గం, 'మూతి' అన్నాడు గనుక మావాడేనని గోదావరి వర్గం. గురకకు ప్రాంతం లేదు గనుక వివాదాన్ని ఇక్కడితో వదిలేద్దాం. భార్య భర్తను 'పండు' అని ఏకవచనంలో అనడమేమిటి అని ఒక ఆక్షేపణ. ఆమె పలికింది 'పండుకోండి' అనే. గౌరవం ఛందస్సులో పట్టలేదు. ఎన్నోసారో లేపితే ఇంట్లోనూ పట్టదు.

'పండు' అంటే ఫలమని భ్రమపడి, నోట్లో ఏదైనా పెట్టుకుని పడుకోమని అర్థం చెప్పినవారూ ఉన్నారు. వాళ్లు పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటారు. పగలు గొంతు గరగరకు అది మనకు అలవాటైన చిట్కా. రాత్రి రెండు విధాల చేటు. కడిగే లాలాజలం లేని నోట్లో తీపి పళ్లను పట్టుకుంటుంది, నిద్రలో ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. నోటికి తడి కావాలంటే పడుకునేముందు రాసుకునే కృత్రిమ లాలాజలపు జెల్‌లు మందుల షాపుల్లో దొరుకుతాయి. ఆల్కహాలున్న మౌత్‌వాష్ పుక్కిలిస్తే తాజాగా ఉన్నట్టు తోచి మరింత ఎండుతుంది. పెదవులకు వెన్నా నెయ్యీ రాసుకునే అలవాటు మంచిదే కానీ, ఆ జిడ్డు మాస్కు సిలికాన్ అంచుకు తగిలి అది జారుతుంది.

నోరు మూసి, నోరు మూసి = ఇక్కడ పునరుక్తి దోషం కనిపిస్తుంది. దోషం కాదు. మొదటి 'నోరు మూసి' మాటకు సంబంధించింది, అంటే 'మాట్లాడక' అని. రెండోది గాలికి సంబంధించింది, అంటే 'పెదవులు విడకుండా' అని. ఒకే మాటతో ఆలి మొగుణ్ని కసిరింది, వైద్యమూ చెప్పింది. మొదటి దానికి 'పండు' అనే క్రియ దొరికింది. రెండోది అసమాపక క్రియ, దాని తర్వాత క్రియే లేదు. నోరు మూసి, ఏమి చేయవలె? వాక్యం గాలిలో ఆగింది. వ్యాకరణం ఇలాంటి చోట అధ్యాహారం చేసుకోమంటుంది, లేని క్రియను మనమే తెచ్చుకోవాలి. 'ముక్కుతో ఊపిరి తీయుము' అని తెచ్చుకుంటే తప్ప పద్యం నిలవదు. మనిషీ నిలవడు.

పూర్వపక్షము

నోరు మూయడమే మందైతే, ఓ టేపు ముక్క అంటిస్తే పోదా?

పోదు. టేపు వేయడానికి ముందు తేలవలసిన ప్రశ్న, ముక్కు తెరిచి ఉందా అని. ముక్కు దూలం వంకర ఉన్నవాడు, ఎలర్జీతో ఏడాదిలో సగం రోజులు తుమ్మేవాడు, జలుబు చేసినవాడు నోరు తెరిచేది అలవాటు చొప్పున కాదు, గత్యంతరం లేక. ఉన్న ఒక్క దారినీ మూయడం వైద్యం కాదు. వాంతి వచ్చే అవకాశం ఉన్నవాళ్లకూ, మందు కొట్టి పడుకున్నవాళ్లకూ టేపు ప్రాణం మీదికి తెస్తుంది. వైద్యుడి మాట లేకుండా దాని జోలికి వెళ్లకూడదు.

కాబట్టి సిద్ధాంతం ముక్కు నుంచి మొదలవుతుంది. పడుకునేముందు సెలైన్ స్ప్రే కొట్టడం తేలికైన మొదటి అడుగు. ఎలర్జీ ఉంటే ఈఎన్‌టీ డాక్టరు రాసే స్టెరాయిడ్ స్ప్రే పని మొదలుపెట్టడానికి రోజులు పడుతుంది, తొందరపడి మానేయకూడదు. దిబ్బడను క్షణంలో తీసేసే ముక్కు చుక్కలు వేరు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ ఉన్నవాటిని కొద్ది రోజులకు మించి వాడితే మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా మూసుకుపోతుంది. ఆ చుక్కలు జేబులో లేనిదే ఊరు దాటనివాళ్లు మనకందరికీ తెలుసు.

ముక్కు బాగున్నా దవడ జారేవాళ్లకు గడ్డం కింద నుంచి నడినెత్తికి కట్టే చిన్ స్ట్రాప్ ఉంది. అది దవడను పట్టి ఉంచుతుందే కానీ పెదవులను కాదు. కొందరికి చాలు, కొందరి పెదవుల నుంచి గాలి పుటపుటమంటూ పోతూనే ఉంటుంది. అప్పుడు ముక్కూ నోరూ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్కుకు మారతారు. గాలి వృథా తగ్గుతుంది. అయితే నోరు తెరిచి పడుకోవడం అందులోనూ ఆగదు, ఎండటం పూర్తిగా పోదు. కప్పే వైశాల్యం ఎక్కువ గనుక అంచుల నుంచి కారే అవకాశమూ ఎక్కువ. దుబ్బుమీసం, గడ్డం అంచు కింద పడితే గాలి అటే దారి చూసుకుంటుంది. మీసం ఒకవైపు, నిద్ర ఒకవైపు పెట్టి తేల్చుకోమంటే మన మగవాళ్లు ఎటు మొగ్గుతారో రాయనక్కర్లేదు. కట్టుడు పళ్లవాళ్లు రాత్రి వాటిని తీసేస్తే బుగ్గల ఆకారం మారి మాస్కు సరిగా కూర్చోదు. మాస్కు కొలత ఇచ్చే రోజున ఆ సంగతి చెప్పాలి.

కావ్యదోషము

ఇంత చెప్పిన కవి నీటి మాట ఎత్తలేదు. ఇది క్షమించరానిది. యంత్రానికి హ్యూమిడిఫయర్ అనే నీళ్ల తొట్టి ఉంటుంది. లోపలి నీరు వేడెక్కి, వెళ్లే గాలికి తడి అందిస్తుంది. చాలామంది దాన్ని అలంకారమనుకుంటారు, లేదా 'ఎందుకులే, రోజూ కడగాలి' అని పక్కనపెడతారు. నోరెండేవాళ్లు చూడవలసిన మొదటి మీట అదే. ఒక్కో అంకె పెంచుతూ నాలుగు రాత్రులు చూడాలి. ఏసీ గదిలో మరీ పెంచితే వెచ్చని తడిగాలి చల్లని గొట్టంలో నీరై, ముక్కు మీద చుక్క చుక్కగా పడి లేపుతుంది. అప్పుడు తడి తగ్గించడం కన్నా గొట్టాన్ని దుప్పటి కిందికి లాక్కోవడమో, వేడిచేసే గొట్టం అడగడమో నయం. హైదరాబాదు చలికాలంలో గాలి పొడి, కాకినాడలో అదే నెలలో తేమ. ఒక ఊళ్లో కుదిరిన అంకె ఇంకో ఊళ్లో కుదరదు.

తొట్టిలో పోసేది డిస్టిల్డ్ వాటర్ అయితే మేలు. మన బోరునీళ్లు కొన్నాళ్లకే తెల్లని పొరకడతాయి. ఇంట్లో ఆర్‌వో నీళ్లూ, సీసా మినరల్ వాటరూ డిస్టిల్డ్ వాటర్‌కు పర్యాయపదాలు కావు. నిఘంటువుల్లో ఈ పొరపాటు లేదు, వంటింట్లో ఉంది. మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోసి తొట్టి ఆరబెట్టాలి.

మందుల చీటీ కూడా ఒకసారి వైద్యుడికి చూపించాలి. జలుబుకు వేసుకునే పాత రకం ఎలర్జీ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మందులు, నీరు పోయేందుకు ఇచ్చే బీపీ మాత్రలు నోటిని ఎండబెడతాయి. నింద మాత్రం యంత్రానికి వస్తుంది. వాటిని సొంతంగా మానడం ఇంకో జబ్బుకు నాంది. పెగ్గు సంగతి విడిగా చెప్పాలి. అది నోరూ ఎండబెడుతుంది, గొంతు కండరాలనూ వదులుచేసి అసలు జబ్బునే పెంచుతుంది.

ప్రక్షిప్తము

కొన్ని ప్రతుల్లో రెండో పాదం 'దవడ నొచ్చి మండు నడుమ రేయి' అని ఉంది. దకారానికి నకారానికి యతి కుదరదు. నిండుసున్న లేదు గనుక బిందుయతి కూడా ఆదుకోదు. ఇది ఎవరో చొప్పించిన పాఠం. చొప్పించినవాడి బాధ మాత్రం నిజం. సీప్యాప్‌కు బదులు కొందరికి కింది దవడను ముందుకు లాగి పట్టే పళ్ల పరికరం ఇస్తారు. తొలిరోజుల్లో పొద్దున్నే దవడ నొప్పి, పళ్లు సలపడం, దిండు తడిసేటంత చొంగ మామూలే. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడితే పళ్ల కాటు కొద్దిగా మారవచ్చు, అందుకే దంతవైద్యుడికి అప్పుడప్పుడు చూపించుకోవాలి. నోరెండటం, చొంగ కారటం, రెండూ ఒకే జబ్బు చికిత్సల్లోనివి. విరోధాభాసాలంకారం కోసం వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తాత్పర్యము

యంత్రపు గాలి నోటి నుంచి పోతే నాలుక ఎండుతుంది. నోరు మూయమని చెప్పడం సులభం. నిద్రపోతున్నవాడికి ఆజ్ఞలు వినపడవు గనుక ఆ పని ముక్కు, మాస్కు, నీళ్ల తొట్టి చూసుకోవాలి. ఆలి మాట సత్యమే, అయితే సగమే. మిగతా సగం అధ్యాహారం.

ఫలశ్రుతి

ఈ టీకను రోజూ పారాయణం చేసినా ఒక్క గురక తగ్గదు. నోరెండుతోందని విసిగి పెట్టెను అటకెక్కించాలనుకుంటున్నవాళ్లు, ఎక్కించే ముందు దాన్ని ఒకసారి స్లీప్ క్లినిక్‌కు తీసుకెళ్లి, రాత్రిపూట లీక్ ఎంతుందో చూడమని అడగండి. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో ఆ అంకె రాత్రివారీగా నమోదై ఉంటుంది.